అవ్వ గవ్వలు

గోదావరిఖని,
ఆదివారం.

తమ్ముడు మొగిలికి అన్న దీవెనలు. ఇక్కడ అవ్వ, మీ వదిన, నేను కులాసా. తెగిన కాలు పుండు ఆరుతోందని రాశావు. సంతోషం. దవాఖానకు పోవడం మాత్రం మానకు. ఈ సంగతి ఫోన్‌లో చెప్పే ముఖం నాకు లేదు, అందుకే కాగితం.

గవ్వ లోపల ఏముండేదని నీ బిడ్డ దీప అడిగింది కదా. వెచ్చటి సముద్రంలో బతికే చిన్న నత్త ఉండేదట. దాన్ని ఎండలో పడేసి, కుళ్ళిపోయాక కడిగి, ఖాళీ గుల్ల అమ్ముతారట. పాపం, బిడ్డకు అంతే చెప్పు.

నీ బొగ్గు బాయి నౌకరీ కోసం నీ పిల్లలిద్దరూ, దీప, భూపాల్, నాకంటే నాకని కొట్లాడుతున్నారని, అవ్వ గవ్వలతోనే తేలుస్తానని రాశావు. అవ్వ పొట్లం కట్టి ఇచ్చింది. "నా చిన్న కొడుకు రాత చెప్పిన గవ్వలు బిడ్డా, తప్పు చెప్పవ్" అన్నది.

బాపు బాయి పనికి అన్‌ఫిట్ అయిన నాడు ఆయన నౌకరీ మనిద్దరిలో ఒకరికే కదా. "నోరు పైకి పడ్డయి ఎక్కువుంటే చిన్నోడు, బోర్ల పడ్డయి ఎక్కువుంటే పెద్దోడు" అని అవ్వ ఐదు గవ్వలు వేసింది. ఐదూ నోరు పైకే పడ్డాయి. కాలనీ అంతా నీ అదృష్టమే అదృష్టమన్నది. కిమ్మనకుండా సైకిల్ షాపు పెట్టుకున్నానని నన్ను దేవుడన్నారు. థూ!

దేవుణ్ణి కాదురా, పిరికివాణ్ణి. బాయిలో కప్పు కూలి చచ్చిపోయిన సదయ్య కాకను మోసినవాళ్లలో నేనున్నాను. ఆ ముఖం చూశాక దిగనంటే దిగననుకున్నాను. భయమని బాపుకు చెప్పడానికి సిగ్గు. అందుకే ముందురోజు ఆ ఐదింటిలో, నత్త ఉండే చోట, లక్క కరిగించి పోశాను. వీపు బరువెక్కితే గవ్వ నోరు పైకే పడుతుంది. ఏది ఎవరికో అవ్వ నోట్లో మాట పెట్టిందీ నేనే.

మొన్న కప్పు నీ కాలు తీసుకున్నాక, "నా రాత గింతే అన్నా" అని నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. నేను తల ఊపాను. రాత కాదు, లక్క.

లక్క ఇంకా తీయలేదు. తీయబోతే గుల్ల పగులుతుంది, అవ్వకు తెలిసిపోతుంది. అవే పంపుతున్నాను. ఎన్నిసార్లు వేసినా అంతే పడతాయి. పిల్లలిద్దరూ ఎదురుగా కూర్చుంటారు. వేసేముందు "నోరు పైకి" అని ఎవరి పేరు పలుకుతావో, ఆ బిడ్డే బాయిలోకి దిగుతుంది.

ఇట్లు,
నువ్వు దేవుడన్న నీ అన్న
రఘుపతి