నాలుగు మడతలు

మాస్త్రో,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ప్లెయిన్స్‌బరో లైబ్రరీలో మీ పాటలతోనే కచేరీ చేశాం. మీరు పోయాక బ్యాండ్ వాళ్ళు మళ్ళీ పిలిచి నన్నే లీడర్ని చేశారు.

నేపుల్స్ నుంచి ట్రంపెట్‌తో వచ్చి, పెళ్ళిళ్ళలో వాయించి, ఈ జాజ్ బ్యాండ్ నిలబెట్టారు. పాటలు అద్భుతంగా రాశారు. బ్యాండ్‌లోంచి మనుషుల్ని తీసేయడం ఇంకా అద్భుతంగా చేశారు. ఒక్క మాట అనేవారు కాదు. జనం చూస్తుండగానే వచ్చి, స్టాండ్ మీది స్వరాల కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకునేవారు. నా కాగితం తీసిన రోజు మా అమ్మాయి మొదటి వరుసలో ఉంది. పాట అయ్యేదాకా శాక్సోఫోన్ పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

ఇవాళ మీ భార్య వచ్చింది. ఆస్పత్రిలో మీరు రాసిన ఆఖరి పాట నా చేతికిచ్చి, ఒక్కసారి వినాలని ఉందంది.

"అన్నా, సూపర్ ఉంది. ప్లే చేద్దాం, ఆంటీ వెయిట్ చేస్తున్నారు" అన్నాడు మా డ్రమ్మర్ కిరణ్.

నిజమే. మీ పాటలన్నిటిలోకీ అదే గొప్పది. ఆవిడ చూస్తుండగా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. ఆవిడకు అర్థమైంది. లేచి వెళ్ళిపోయింది.

మా అమ్మాయి ఇవాళ కూడా మొదటి వరుసలోనే ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు కార్‌లో నా పక్కన కూర్చోలేదు.