దొనకొండలో నీ పేరు

మార్కాపురం,
10-3-1964, మంగళవారం.

మామకు శ్రీశైలమ్మ దండం పెట్టి రాయడం. ఇక్కడ అత్త, నేను, గొడ్లు అందరం బాగున్నాం. మదనపల్లె ఆసుపత్రిలో నువ్వు కూడా బాగున్నావని రాయాలి. ఉత్తరం అట్లే మొదలుపెట్టాలని బడిలో పంతులు నేర్పినాడు కాబట్టి రాస్తున్నాను. నువ్వు బాగాలేవని నాకు తెలుసు. ఆపరేషన్ వద్దన్నావని కూడా తెలుసు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అంతకుముందు ఉత్తరాల్లో పక్క మంచం ముసలాయన గురక గురించే ఒక పేజీ రాసేవాడివి. ఈసారి మొత్తం కలిపి అర పేజీ. అది చదివి వాకిట్లోనే కూలబడినాను. అత్త లోపల్నుంచి "ఏందే, ఏం రాసినాడు నా కొడుకు?" అని కేకేసింది. "అక్కడ చలి తగ్గిందంట అత్తా" అని చెప్పినాను. పాపం, "మంచిదే" అని మళ్ళీ విస్తళ్ళు కుట్టుకుంటూ కూర్చుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. బర్రె ఈనింది, ఆడదూడ. జున్ను పాలు బాషా అన్న ఇంట్లో రజియా వదినకు పంపితే, ఆమె రంజాన్ పండగ సేమ్యా మిగిలింది పంపింది. అత్తకు కంటి చూపు అట్లే ఉంది. నిన్న నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది, తర్వాత నవ్వింది. నన్ను ఏడిపించడానికి అడిగిందో, నిజంగానే కనపడలేదో తెలియలేదు. బాషా అన్న గిద్దలూరు టాక్సీ నడుపుతూనే ఉన్నాడు. షెడ్డు తాళం నా మొలలోనే ఉంది.

ఇక ఆఖరిది. కారు అమ్మేసినావా అని అడిగినావు. అమ్మలేదు. పాత ఇనుము వాడికి ఇచ్చెయ్యమని, నన్ను కురిచేడులో మా అన్న దగ్గరికి పొమ్మని, కత్తి కింద పడుకోనని, పోతే నిండు శరీరంతో పోతానని రాసినావు. ఆ మాటలు రాయడానికి నీకు చెయ్యి ఎట్ల వచ్చింది మామా? నిండు శరీరంతో పోతావా? మరి నేను ఏ శరీరంతో ఉండాలి ఇక్కడ?

పోయిన నెల బాషా అన్న నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు డాక్టరు ఆయనకు అంతా చెప్పినాడు. ఊపిరితిత్తిలో చెడిన ముక్క తీసేస్తే మనిషి దక్కుతాడు, తీయకుంటే మళ్ళీ ఎండాకాలం చూస్తాడని చెప్పలేం అన్నాడంట. అన్న ఆ మాట నాకు చెప్పడానికి మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ బర్రె గురించి మాట్లాడి పోయినాడు. నాలుగోసారి నేనే అడిగి చెప్పించుకున్నాను.

నిన్ను నేను బతిమాలలేదా? నా పోయిన ఉత్తరాలన్నీ బతిమాలడమే. చెన్నకేశవుడికి ముడుపు కట్టినానని రాసినాను. అత్త ముఖం చూడమని రాసినాను. నువ్వు దేనికీ కదల్లేదు. ఇంక ఏం రాయాలో తెలియక, షెడ్డు తాళం తీసి కారులో కూర్చున్నాను.

ఆ కారును నువ్వు ఎట్ల చేసుకున్నావో నాకు తెలియదా! దొనకొండలో తెల్లదొరల కాలం విమానాల మైదానంలో మోటారు క్లబ్బు వాళ్ళు పందేలు పెడతారని మన షెడ్డుకు రిపేరుకొచ్చిన దారినపోయే కారాయన ఎవరో చెప్పినప్పటి నుంచి నీకు అన్నం సయించలేదు. పాత మోరిస్ తెచ్చి వెనక సీటు పీకేసినావు. బంపర్లు పీకేసినావు. సైలెన్సర్ కోసేసినావు, అది దగ్గితే వీధిలో కోళ్ళు గోడలెక్కినాయి. జీపు టైర్లు ఎక్కించినావు, కుదుపు తట్టుకోవాలని కమాన్ కట్టలు మార్చినావు. నువ్వు బండి కింద పడుకొని "తొక్కు, వదులు, మళ్ళీ తొక్కు" అంటుంటే క్లచ్చి, బ్రేకు తొక్కింది ఎవరు? షెడ్డులోంచి బయటికి, మళ్ళీ లోపలికి తోలింది ఎవరు? ఆ కారాయన చెప్పిన లెక్కనే గుండ్లకమ్మ పక్క బయల్లో పగిలిన పలకలు పేర్చి, ఒక్కో మలుపుకు ఒక్కో రైలు స్టేషను పేరు పెట్టి, పక్కన బరువు కావాలని నన్ను కూర్చోబెట్టుకొని తిప్పినావు. "గిద్దలూరు, కుడికి! కంభం, ఎడమకు!" అని నేను అరవాలి. ఆలస్యంగా అరిస్తే తిట్టేవాడివి. ఆ తిట్లు నాకు ఇప్పుడు కావాలి మామా. ఏడుపు వస్తోంది.

శనివారం పొద్దున బాషా అన్నను పిలిచి, "అన్నా, రేపు దొనకొండలో పందెమంట. మన కారు తీసుకుపోదాం" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా చెల్లెమ్మా? వాడు అక్కడ అట్ల ఉంటే ఇక్కడ పందేలేంది?"

"ఆయన అట్ల ఉన్నాడు కాబట్టే. కారు పరిగెత్తిందని రాస్తే లేచి కూర్చుంటాడేమో. నాకు ఇంకో దారి కనపడలేదు."

అన్న టవలుతో మెడ తుడుచుకొని, "పెట్రోలు పోయించుకొని వస్తా" అని పోయినాడు. అత్తకు మాత్రం కురిచేడులో మా అన్న ఇంటికి పోయి వస్తానని చెప్పినాను.

నువ్వు ఇన్నాళ్ళూ ఊహించుకున్న చోటు ఎట్లుందో చెబుతాను, విను. పెద్ద బయలు, అంతా తుమ్మచెట్లు, మధ్యలో పగుళ్ళిచ్చిన సిమెంటు. దాని మీద సున్నం గీతలు గీసి, మలుపుల్లో కిరసనాయిలు డ్రమ్ములు పెట్టినారు. అందరూ కలిసి తోలే పందెం కాదు, నువ్వు చెప్పినట్లే ఒక్కో కారూ విడిగా పోవాలి. గడియారం పట్టుకున్న ఆయన లెక్క చూస్తాడు. ఒక్కో కారుకు రెండు దఫాలు. మద్రాసు నుంచి, గుంటూరు నుంచి తళతళలాడే కార్లు వచ్చినాయి. మన కారును చూసి ఒకాయన, "ఇది ఇక్కడిదాకా దానంతట అదే వచ్చిందా?" అని అడిగినాడు. నాకు ఒళ్ళు మండింది.

మొదటి దఫా బాషా అన్న తోలినాడు. మొదలు బాగానే ఉంది. మలుపు దగ్గర జెండా పట్టుకున్న ఆయన, దారి ఇటు అన్నట్లు చెయ్యెత్తినాడు. అంతే. మన బాషా అన్న కారును పక్కకు తీసి, నిలబెట్టి, వంగి తలుపు తెరిచి, "ఎక్కడికన్నా, కంభమా?" అని అడిగినాడు! బయలంతా నవ్వింది. అన్న తిరిగొచ్చి తల వంచుకొని, "పదిహేనేళ్ళ టాక్సీ చెల్లెమ్మా. చెయ్యెత్తిన మనిషిని వదిలి పోవడం నా కాలికి రాలేదు" అన్నాడు. నేనూ నవ్వినాను. నవ్వుతూ నవ్వుతూ చెట్టు చాటుకు పోయి ఏడ్చినాను. నీకేమని రాయాలి? కారు మధ్యలో ఆగి ప్యాసింజరును అడిగిందని రాయాలా?

రెండో దఫాకు ముందు అన్న ఇంజను స్టార్టు చెయ్యడానికి హ్యాండిల్ వేసి తిప్పుతుంటే అది ఎదురు తిరిగి మణికట్టు మీద కొట్టింది. నువ్వు ఎన్నిసార్లు చెప్పినావు బొటనవేలు చుట్టి పట్టుకోవద్దని! చెయ్యి చూస్తుండగానే పొంగింది. స్టీరింగు పట్టుకోవడం ఆయన వల్ల కాదు.

"పోదాం పద చెల్లెమ్మా, మన ప్రాప్తం ఇంతే" అన్నాడు.

నువ్వు కూడా అక్కడ మంచం మీద పడుకొని అదే మాట అనుకుంటున్నావు కదా. ఆ మాట వినేసరికి నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నీ మీద, అన్న మీద, ఆ హ్యాండిల్ మీద. "నేను తోలుతా" అన్నాను.

వాళ్ళు ఎట్ల ఒప్పుకున్నారో కింద రాస్తాను. ముందు తోలిన సంగతి విను. కొంగు నడుముకు బిగించి, లారీ సరుక్కు కట్టే పట్టీతో సీటుకు కట్టేసుకున్నాను. ఒక గుంటూరాయన హ్యాండిల్ తిప్పిపెట్టినాడు. బాషా అన్న చేతికి తడిగుడ్డ చుట్టుకొని పక్కన కూర్చున్నాడు. జెండా ఊపగానే నేను క్లచ్చి ఒక్కసారిగా వదిలేసినాను, కారు ఎగిరి దూకింది. "యా అల్లా!" అన్నాడు అన్న. నువ్వు పెట్టిన మలుపుల పేర్లు వచ్చే దారిలో నేనే ఆయనకు చెప్పినాను, ఆ తర్వాత అవే అరుస్తూ ఉన్నాడు. "గిద్దలూరొచ్చె, కుడికి! కంభం, కంభం, ఎడమకు!" నాకు డ్రమ్ములు కనపడలేదు మామా, నువ్వు పేర్చిన పలకలే కనపడినాయి. మార్కాపురం రోడ్డు మలుపు దగ్గర వెనక చక్రాలు జారి కారు అడ్డం తిరిగింది. నువ్వు చేసినట్లే స్టీరింగు అటే తిప్పి వదిలినాను, మళ్ళీ దారిలో పడింది. కురిచేడు డ్రమ్మును మాత్రం గుద్దేసినాను. మా అన్న ఊరు, ఏం చేస్తాం. ఆఖరి గీత దాటే ముందు రెండో గేరు వేస్తే రాళ్ళు నమిలినట్లు శబ్దం చేసింది. అయినా దాటించినాను.

గెలిచినామనుకుంటావేమో. లేదు. దాటిన కార్లలో మనదే కడపటిది. మధ్యలో ఆగిపోయిన వాటికంటే మేలు, అంతే. కానీ నువ్వు చేసిన కారు దొనకొండ చుట్టొచ్చింది.

ఇప్పుడు ఆదివారం నుంచి నా గొంతులో అడ్డం పడి ఉన్న మాట రాస్తాను. దీని కోసమే ఇంత ఉత్తరం సాగదీసినాను.

నన్ను తోలనివ్వమని అడగడానికి పోతే, టోపీ పెట్టుకున్న ఒకాయన బల్ల దగ్గర కూర్చొని ఉన్నాడు. పొద్దున బాషా అన్న తన పేరే ఇచ్చినాడు. ఇప్పుడు మనిషి మారింది కాబట్టి కారు ఎవరిదో చెప్పాలన్నాడు. యజమాని పేరు లేకుండా పరాయి మనిషిని ఎక్కనివ్వరంట. "మా ఇంటాయనది" అన్నాను. "పేరు?" అన్నాడు. నేను చుట్టూ చూసినాను. అన్న చేతికి తడిగుడ్డ కోసం బావి దగ్గరికి పోయినాడు. ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన ఉండి నీ పేరు చెప్పేవాళ్ళు. బియ్యం కార్డు దగ్గర అత్త చెప్పింది, ఆసుపత్రిలో అన్న చెప్పినాడు.

"అహోబిలంలో దేవుడుంటాడే, ఆ దేవుడి పేరయ్యా" అన్నాను.

"నరసింహమా?"

"కాదయ్యా."

"లక్ష్మీనరసయ్యా? చెప్పమ్మా తొందరగా, వెనక కారు నిలబడింది. పేరు చెప్పకపోతే కుదరదు. తర్వాతి కారు!"

నేను చెప్పినాను మామా. పక్కన ఇంజను మోతలో వినపడలేదంటే మళ్ళీ చెప్పినాను. మూడోసారి కేక వేసి చెప్పినాను. ఆయన దాన్ని మైకులో చెప్పినాడు. పెళ్ళయినప్పటి నుంచి నా నోట రాని పేరు ఆ బయలంతా వినపడింది.

మొగుడి పేరు ఆడది పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అత్త నాకు పెళ్ళిపీటల మీదే చెప్పింది. తెలిసి తెలిసి, నువ్వు అట్ల ఉన్న సమయంలో, మూడుసార్లు తగ్గించినాను. అప్పుడు కారు తప్ప నాకేమీ కనపడలేదు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కనపడింది. ఆ దారంతా కారు నేనే తోలినాను. అత్తకు ఇప్పటికీ చెప్పలేదు. నిన్న తపాలా ఆయన సైకిలు గంట వినపడితే, టెలిగ్రామేమోనని బర్రె చాటున దాక్కున్నాను. ఆయన పక్కింటికి పోయినాకే బయటికొచ్చినాను.

నాకు భయంగా ఉంది మామా. చాలా భయంగా ఉంది. అత్త చెప్పింది అబద్ధమని నాకెవరు చెబుతారు? బాషా అన్న చెబితే నమ్మను. డాక్టరు చెబితే నమ్మను. నువ్వు ఈ వాకిట్లోకి నడిచొచ్చి చెబితేనే నమ్ముతాను. నువ్వు ఆపరేషన్ వద్దని అక్కడే పోతే, నిన్ను జబ్బు చంపిందని లోకం అనుకుంటుంది. నేనే చంపినానని నేను అనుకుంటూ బతకాలి. ఆ శిక్ష నాకు వెయ్యొద్దు. డాక్టరుకు రేపే ఊ అని చెప్పు. బల్ల మీద పడుకో. లేచి రా. రెండో గేరు పాడు చేసినందుకు నన్ను నాలుగు వీధులు వినపడేట్లు తిట్టు. దసరా అయినాక దొనకొండలో మళ్ళీ పెడతారంట. పక్క సీటులో బరువుకు నేను కూర్చుంటాను, అరవడం ఆలస్యం చెయ్యను.

కారు షెడ్డులోనే ఉంది. గేరు పెట్టెను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "నేను చూస్తాలే" అని అన్న అన్నా కూడా ఇవ్వలేదు. అది నీ పని.

కవరు మీద అక్షరాలు చూసి నీకు ముందే అనుమానం వచ్చి ఉంటుంది. ఇన్నాళ్ళూ కవరు మీద నీ పేరు అన్నతో రాయించేదాన్ని. ఆయన చెయ్యి ఇంకా వాపు తగ్గలేదు, ఈసారి నేనే రాసినాను. పలకడమే అయినాక రాయడానికి ఏముంది అనుకున్నాను కానీ, కొట్టివేతలతో ఒక కవరు పాడు చేసినాను. ఈ ఉత్తరం కింద ఇంకోసారి రాస్తున్నాను. తప్పో ఒప్పో, వచ్చి చెప్పు.

ఇట్లు,
ఓబులయ్య భార్య,
శ్రీశైలమ్మ.