ఇటాలియన్‌కి ఊ కొట్టాను

నవంబర్ 14, 2008, న్యూజెర్సీ

రూమ్మేట్ స్వాతితో కొత్త గది చూడడానికి వెళ్లాను. ఓనరమ్మ రోజా గారు ఇటలీ ఆవిడ, ఇటాలియన్ తప్ప ఇంకేమీ రాదు. కరెంటు, గ్యాస్ అద్దెలోనే కలిసి ఉన్నాయా అన్న ఒక్క ప్రశ్నను బస్సులో బట్టీపట్టి, ఇటాలియన్‌లోనే అడిగేశాను. ఆవిడ మురిసిపోయి చాలాసేపు జవాబు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దావిడ చెబుతుంటే బొమ్మలా కూర్చోలేక, అమ్మమ్మ దగ్గర అలవాటైనట్టు ఊ కొడుతూ ఉన్నాను. చివరికి ఆవిడ నా చేయి పట్టుకుని గట్టిగా ఊపి, తాళంచెవి అరచేతిలో పెట్టింది.

బయటికొచ్చాక స్వాతి, “బిల్స్ ఎవరు పే చేయాలంట?” అంది.

“తెలీదే.”

“మరి దేనికి ఓకే చెప్పావే?”

నేనేమీ ఒప్పుకోలేదు. వింటున్నానని ఊ కొట్టానంతే. ఆ సంగతి ఆవిడకెలా చెప్పడం? ఇక్కడ గది వెచ్చబెట్టేదీ గ్యాసే, అసలు చలేమో ఇంకా మొదలవలేదని అందరూ అంటున్నారు.