ఆపే ప్రోటీన్, మూడు పెట్టెల జామపండ్లు

డిసెంబరు 3, మంగళవారం

నేను మొక్కల మీద పరిశోధన చేసిన సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. మొలకలు పెంచే కొత్త చీకటి గదికి, డార్క్ రూమ్‌కు, నా పేరు పెడతారట. పద్దెనిమిదిన, క్రిస్మస్ ముందరి పోసాద విందు నాడు బోర్డు ఆవిష్కరణ. కింద డైరెక్టర్ సంతకం: నోయెమీ క్వేయార్.

ఒకప్పుడు నా విద్యార్థిని. 1995 ఫిబ్రవరిలో లాబ్ నుంచి నేనే పంపేశాను. నేను కనుగొన్న పొట్టి మొక్క, నా మ్యుటెంట్, ఆమె చేతిలో ఒక్కసారి కూడా రాలేదు. మొలకలన్నీ నిటారుగా, పొడుగ్గా వచ్చాయి. అమ్మాయీ, ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవడం నేర్చుకో అన్నాను, పదిమంది ఎదుట.

కారు పంపుతామన్నారు. బస్సులో వస్తానని బదులు రాశాను. డెబ్బై ఎనిమిదేళ్లకు బస్సు ఎక్కలేని దాన్ని కాను.

డిసెంబరు 5, గురువారం

క్రిస్పీన్ వచ్చాడు. ముప్పై ఏళ్లు నా లాబ్ అటెండరు. ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తున్నాడు. కాల్వీయోలో చెల్లెలి తోట నుంచి ఒక సంచీ జామపండ్లు తెచ్చాడు.

కాఫీ తాగుతూ నవ్వడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మా, ఇంకేం చేయలేరు కాబట్టి చెబుతున్నాను, ప్రతి డిసెంబరూ పోసాదలో కాచే పండ్ల పంచ్‌లోకి జామపండ్లు మీ డార్క్ రూమ్‌లోనే దాచేవాణ్ణి అన్నాడు. భవనం మొత్తంలో చల్లటి గది అదేనట. లాబ్‌లోకి తిండి తెస్తే మీరు తోలు ఒలిచేస్తారని పై అర మీద నల్లగుడ్డ కప్పేవాణ్ణి, 94లో అయితే మూడు పెట్టెలు, ఆ అర విరిగిందని మీతో అబద్ధం కూడా ఆడాను అన్నాడు. వాసనేమిటని అడిగితే నేల తుడిచే మందు అన్నాను, నమ్మేశారు, అంత చదువూ చదివి! అన్నాడు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

నీళ్లు ఇచ్చాను. గ్లాసు తొణకలేదు.

డిసెంబరు 6

పొయ్యి మీద బీన్స్ మాడిపోయాయి.

డిసెంబరు 7, శనివారం, ఉదయం 10

వరుసగా రాసుకుంటాను. వరుస తప్పితే ఆలోచన కాదు.

పండే జామ ఇథిలీన్ వాయువును వదులుతుంది. చీకట్లో మొలకకు ఆ వాయువు సోకితే కాండం పొట్టిగా, లావుగా అయిపోయి, తల కొక్కెంలా గట్టిగా వంగుతుంది. ఇథిలీన్ మొక్కకు హార్మోన్, అదే ఆజ్ఞ ఇస్తుందని జనం అనుకుంటారు. అది నిజం కాదు. ఆజ్ఞ మొక్క లోపల ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. దాన్ని ఒక ప్రోటీన్ పగలూ రాత్రీ అదిమి పట్టి ఉంచుతుంది. ఇథిలీన్ వచ్చి చేసేదల్లా ఆ పట్టు సడలించడమే. ఆపే ప్రోటీన్ చెడిన మొక్క వాయువు లేకపోయినా పొట్టిగానే ఉంటుంది.

1994 డిసెంబరులో నా రాజగిర, అంటే గింజల తోటకూర, మొలకల్లో ఒక వంశం అలా పొట్టిగా వచ్చింది. ఆపే ప్రోటీన్ చెడిన రాజగిరను కనుగొన్నానని పేపరు రాశాను. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఆ డిసెంబరులోనే. నోయెమీ చేసింది జనవరిలో, పండ్లు లేని గదిలో. పోల్చి చూసే మామూలు గింజల ట్రే, అంటే కంట్రోల్, పై అంతస్తు బీరువాలో పెంచాను. డార్క్ రూమ్‌లో ఒక అర విరిగిందని క్రిస్పీన్ అన్నాడు కనుక.

ఆ వంశం గింజలు నాలుగేళ్ల కిందట కొత్తగా పండించినవి ఫ్రిజ్‌లో ఉన్నాయి. వాటితోనే రెండు ట్రేలు వేశాను. ఒకటి బట్టల అలమరలో, ఆరు జామపండ్లతో. ఒకటి వంటింటి చీకటి అరలో, పండ్లు లేకుండా.

డిసెంబరు 8

అలమర తలుపు తెరవలేదు. తెరవాలని కూడా అనిపించలేదు.

డిసెంబరు 11, బుధవారం, ఉదయం 7

అలమరలోనివి పొట్టిగా, కొక్కేలతో.

వంటింటివి నిటారుగా, పొడుగ్గా. ఒక్కటీ తప్పలేదు.

మ్యుటెంట్ లేదు. ఎన్నడూ లేదు. స్కేలుతో కొలిచి, పట్టిక గీసి, తేదీ వేశాను. స్నానం చేశాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు మంచం మీద కూర్చున్నాను. రాలేదు. నాలో ఆపే ప్రోటీన్‌కు ఏ లోపమూ లేదు.

డిసెంబరు 12

గ్వాదలూపే తల్లి పండుగ. తెల్లవారుజాము నుంచి బాణసంచా. బట్టలన్నీ జామ వాసన. వాటినే కట్టుకున్నాను.

డిసెంబరు 13, శుక్రవారం

సంస్థకు వెళ్లాను. నోయెమీ లేచి కుర్చీ చూపింది. కూర్చోలేదు. పట్టిక బల్ల మీద పెట్టి, జామపండ్ల సంగతి చెప్పాను. ఆమె రెండుసార్లు చదివింది.

అయితే నా చేతులు శుభ్రంగానే ఉన్నాయన్నమాట అంది.

ఉన్నాయి అన్నాను.

మీకు తెలుసా డాక్టరమ్మా, మీరు పంపేశాక రెండేళ్లు సబ్బులు మార్చి మార్చి చూశాను అంది. నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు.

తర్వాత డైరెక్టర్ గొంతుతో మాట్లాడింది. ఆ పేపరు ఇప్పుడెవరూ చదవడం లేదట. బోర్డు చెక్కడం అయిపోయిందట. మీరు ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను, ఆలోచించుకోండి అంది. నేను ఆమె ముఖం చూశాను. ఆ మాట అంటూ ఆమె తన అరచేతులు చూసుకుంటోంది.

పేపరు వెనక్కి తీసుకుంటూ పత్రికకు రాసిన ఉత్తరం అప్పటికే నా సంచీలో ఉంది. తీసి పట్టిక పక్కన పెట్టాను. నిన్ను పదిమంది ఎదుట అన్నాను, పదిమంది ఎదుటే సరిదిద్దుతాను అన్నాను.

బస్సులో ఎవరో సీటు ఇవ్వబోయారు. నిలబడే వచ్చాను.

డిసెంబరు 18, బుధవారం

పోసాద. అరవైమంది ఉంటారు. బోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీయకముందే మాట్లాడతానన్నాను.

అయిదు వాక్యాలు చెప్పాను. నా మ్యుటెంట్ లేదు. ఆ గదిలో జామపండ్లు ఉన్నాయి. కంట్రోల్‌ను అదే గదిలో పెట్టకపోవడం నా తప్పు, మరెవరిదీ కాదు. డాక్టర్ క్వేయార్ ఫలితమే సరైనది, ఆమె చేతులు ఆనాడూ శుభ్రంగానే ఉన్నాయి. ఆ బోర్డు మీద నా పేరు వద్దు.

క్రిస్పీన్ ముఖం సున్నంలా పాలిపోయింది. పంచ్ వడ్డించే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గరిటె గిన్నెలో పెట్టి, అయితే డాక్టరమ్మా, ఈ ఏటి జామపండ్లు నేనెక్కడ దాచుకోవాలి? అన్నాడు. వెనకాల ఎవరో ఫక్కుమన్నారు. తర్వాత అందరూ. నేను నవ్వలేదు. కోపమూ రాలేదు.

నోయెమీ నవ్వలేదు. పంచ్ ఒక కప్పులో పోసి, జామముక్కలు వేసి, రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి తెచ్చింది. రెండు చేతులతోనే అందుకున్నాను.

డిసెంబరు 19

ఉదయం సబ్బుతో చేతులు కడుక్కున్నాను. తుడుచుకుని, మళ్లీ కడుక్కున్నాను. జామ వాసన పోలేదు.