నువ్వు నీళ్లు చల్లిన షాట్

హైదరాబాద్,
ఆదివారం.

నాన్నకి,

ఫర్హానా సలాములు. ఇక్కడ నేను బాగున్నాను. దగ్గు తగ్గింది, వేళకి తింటున్నాను. అక్కడ నువ్వూ, అమ్మా, తమ్ముడు అయూబూ, మీ ముఠా కూలీలంతా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నీ ఉత్తరాన్ని తమ్ముడు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. "ఫోన్లో నీతో మూడో మాటకే తగువు. చెప్పేదేదో కాయితం మీద రాయి, కోపం వచ్చిన కాడ కొట్టేసుకోవచ్చు" అన్నావు. సరే, ఒప్పుకున్నాను. ఇది మూడో కాయితం. మొదటి రెండూ చింపేశాను.

ముందు అమ్మ అడిగింది చెబుతాను. ఎడిటింగ్ అంటే చుట్టాలకి ఏమని చెప్పాలో తెలియడం లేదందట. కెమెరావాళ్లు ముప్ఫై గంటలు తీసుకొచ్చి పోస్తారు. అందులోంచి నలభై నిమిషాలు ఏరి, ఏది ముందో ఏది వెనకో చూసి అతకడం నా పని. కల్లంలో కూర్చుని తను మిరప రాశిలోంచి తాలుకాయ ఏరుతుందే, అలాంటిదేనని చెప్పమను. నడుంనొప్పి కూడా అలాంటిదే.

ఫిల్మ్ స్కూల్ అయిపోయి రెండేళ్లయినా తెరమీద నీ పేరేదీ అని పోయినసారి నువ్వు అడిగావు, నేను ఫోన్ పెట్టేశాను. తప్పే. మొదటి ఆఫీసులో ఏడాదంతా మాటకీ పెదాలకీ జత కుదర్చడంతోనే సరిపోయింది. రెండోచోట రోజుకి పద్నాలుగు గంటల పని అన్యాయమని కరపత్రం రాసి గోడకి అంటించి బయటికొచ్చేశాను. "చిన్న చిన్న పుస్తకాలు చదివి పెద్ద పెద్ద తగువులు తెస్తన్నావే" అని నువ్వు తిట్టావు. కానీ తేజశ్రీ గారు ఆ కరపత్రం సంగతి వినే నన్ను పిలిచారు. మిరప కూలీల మీద ఆవిడ తీసే డాక్యుమెంటరీ నా చేతిలో పెట్టారు. ఎడిటర్‌గా నాకిదే మొదటిది. వినుకొండ దగ్గర రైతు బాపయ్య గారి కల్లంలో మీ ముఠాని తీయమని చెప్పింది కూడా నేనే.

ఇక నీ అసలు ప్రశ్న, నేను పంపిన తొలి కూర్పు గురించి. "నువ్వు పంపిన సినిమా టీకొట్టు కాడ పదకొండు మందిమి ఒక్క ఫోన్లోనే చూశాం. అందరూ ఉన్నారు, బాపయ్య గారి గేదె కూడా ఉంది. నేనేడే? రెండు రోజులు నా మొహం మీదే పెట్టి తీశాడుగా ఆ కెమెరా అబ్బాయి" అని రాశావు. కింద చిన్న అక్షరాలతో, "నేను సరిగా చేసుండను" అని. అది చదివాక నాకు అన్నం సహించలేదు.

నువ్వు బాగా చేశావు నాన్నా. ముప్ఫై గంటల్లో నీదే మంచి షాట్. పొద్దున్నే ఎండుకాయ రాశి మీద వేపమండతో నీళ్లు చల్లుతూ, కెమెరా వైపు తిరిగి, "ఇవి చల్లకపోతే కాయ పెళపెళలాడుద్దమ్మా. టిక్కీ గోతంలో ఏసి తొక్కితే కాయ మిగల్దు, కారమే" అని నవ్వావు. ఆ షాట్ తీసేసింది నేనే.

ఎందుకంటే భయం. ఫిల్మ్ స్కూల్లో ఒకడు "మీవాళ్లు బరువు కోసం మిరపకాయలకి నీళ్లు కొడతారంటగా" అంటే వాడి టీ వాడి మీదే పోశాను. ఇప్పుడు ఊరంతా అదే మాట నిన్ను చూసి అంటే ఎందరి మీద పొయ్యను? నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను.

ఇంతవరకూ రాయడం తేలికే. ఆ రెండు కాయితాలు చింపింది ఇక్కడికొచ్చాకే.

ఆ షాట్ ఏదని తేజశ్రీ గారు అడిగితే, ఫోకస్ పోయింది, పనికిరాదని అబద్ధం చెప్పాను. ఆవిడ నమ్మారు. కెమెరామన్ నజీర్‌ని పిలిచి చివాట్లు పెట్టారు. అతనికి రావలసిన తర్వాతి సినిమా కూడా చేజారింది. తీసిన మెమరీ కార్డులు మాకిచ్చేశాక మళ్లీ చూసుకునే వీలు అతనికి ఉండదు. అతనిది వేటపాలెం, వాళ్లమ్మ జీడిపప్పు ఒలిచే పనికి వెళుతుంది. మెట్ల మీద ఎదురుపడి, "మీ నాన్నగారి షాట్ పాడుచేశానండీ, ఏమీ అనుకోకండి" అన్నాడు. నేను "పర్లేదులెండి" అన్నాను! శ్రమ గురించి అట్టపెట్టెడు పుస్తకాలు చదివిన నీ కూతురు, ఒక పనివాడి పని మీద నింద వేసి పదిహేను రోజులు నోరు మూసుకుని తిరిగింది.

నీ ఉత్తరం చూసిన మర్నాడు ఇద్దర్నీ ఎడిటింగ్ రూముకి పిలిచాను. షాట్ పెట్టేశాను. నీ మీసంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది.

"ఇదేంటి, ఫోకస్ బానే ఉందిగా!" అన్నాడు నజీర్.

అప్పుడు మొత్తం చెప్పాను. తేజశ్రీ గారు నజీర్ వైపు తిరిగారు. "ఈ అమ్మాయి పేరు తీసేద్దామనే ఉంది. దెబ్బ తగిలింది నీకు. నువ్వే చెప్పు నజీర్" అన్నారు.

నజీర్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఉంచండి మేడమ్. కొత్తగా ఎవరొచ్చినా తప్పు మళ్లీ నాకే అంటగడతారు. ఈవిడకైతే ఇక ఆ ధైర్యం రాదు" అన్నాడు. తర్వాత నవ్వకుండా, "కానీ నాకు కోపం తగ్గలేదండీ" అన్నాడు. తగ్గనవసరం లేదన్నాను. ఆవిడ నా ఎదుటే ఆ సినిమావాళ్లకి ఫోన్ చేసి తప్పు అతనిది కాదని చెప్పారు. వాళ్లు అతన్ని వచ్చి కలవమన్నారట.

అంతా అయ్యాక ఆవిడ ఒక్కటే అడిగారు: "నీళ్లు నిజంగా కాయ విరక్కుండా ఉండటానికేనా ఫర్హానా? బరువు కోసం కూడానా?" నా కోపం నీకు తెలుసుగా, లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. "నాకు తెలియదండీ. నాన్ననే అడుగుతాను" అన్నాను.

అందుకే అడుగుతున్నాను. గురువారం నజీర్ కెమెరాతో మళ్లీ కల్లానికి వస్తాడు. బాపయ్య గారికి ముందే చెప్పు. నీకు ఇష్టం లేకపోతే వద్దను, ఎవరూ ఏమీ అనుకోరు. మాట్లాడతానంటే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. అవసరానికి మించి చల్లమన్న రోజులుంటే అవీ చెప్పు. ఆ నీళ్ల బరువు కూడా మీ ముఠా భుజాల మీదే మోస్తే అదీ చెప్పు. చూసినవాళ్లు ఏమంటారోనని నేనిక ముందే కత్తెర పట్టుకుని కూర్చోను. ఎక్కడ ఆపాలో నువ్వే ఆపు. నేను అక్కడే కట్ చేస్తాను.

ఇట్లు,
నువ్వేం చెబుతావో వినాలని కూర్చున్న
నీ కూతురు
ఫర్హానా