కొరకని రొట్టె

మరదలు హోసియత్‌కు,

ఇక్కడ అందరం కులాసా, కానీ నాకు ఒళ్ళు మండిపోతోంది. రైల్వేవాళ్ళు అల్లుణ్ణి మళ్ళీ బదిలీ చేశారు, ఈసారి నుకుస్‌కి. వెళ్ళడానికి ఇంకా రెండు నెలల టైముంది. నిన్న అమ్మాయికి తినడానికి వేడి సంసాలు ఇవ్వడానికి దాని ఆఫీసుకి వెళ్ళాను. ఆ ఇళ్ళ అమ్మకాల ఆఫీసు పెద్ద తుర్గున్, అప్పుడే ప్రయాణపు రొట్టె తెచ్చి దాని చేతిలో పెడుతున్నాడు. "ఒక్క ముక్క కొరుకు చెల్లీ, మిగతాది నువ్వు తిరిగొచ్చేదాకా గోడకి వేలాడదీస్తాం" అంటూ రెండో చేత్తో తాళాలు అడుగుతున్నాడు. మన అమ్మాయి మూడు నెలలు తిరిగి బేరం కుదిర్చిన ఇంటి తాళాలు! దాని కమిషన్ తనే కొట్టేద్దామని. మన పిచ్చిది కొరకబోయింది. నేను రొట్టె లాక్కున్నాను. "పిల్ల ఇంకా ఊళ్ళోనే ఉంది. అంత తొందరైతే నువ్వే కొరుక్కుని వెళ్ళు" అన్నాను. ఆఫీసంతా నవ్వింది. తాళాలు దాని దగ్గరే ఉన్నాయి.

ఇది నాలుగో ఊరు. ప్రతిచోటా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలా? నుకుస్‌లో ఇళ్ళు అమ్మే ఆఫీసులేవో అక్కడున్న మీ అన్నయ్యని ఇప్పుడే కనుక్కోమను. ఆవు ఈనిందా? ఎవరిచేతైనా రాయించు.

సామానుతో అల్లుడు ముందు వెళ్తాడు, ఆ బేరం ఇల్లు అమ్మాకే అమ్మాయి వస్తుందని అతనితో చెప్పేశాను. సరే అన్నాడు. ఇంకేమంటాడు?

పిల్లలకి నా దీవెనలు.

సత్తోర్