తగిన మందం

మార్చి 4

రిపోర్టు వచ్చింది. పేటెంట్ ఆఫీసు నుంచి, ఆరు పేజీలు. నా బ్యాటరీ ప్యాక్‌లో కొత్తదనమేమీ లేదట! సెల్లుకూ సెల్లుకూ మధ్య మైనం పలక పెట్టి వేడిని లాగించడం చైనా వాడొకడు, కొరియా వాడొకడు ముందే రాసుకున్నారట. ఎగ్జామినర్ ఆ రెండు కాగితాలూ జతచేశాడు. చైనా వాడి బొమ్మ చూశాను. సెల్లు, పలక, సెల్లు, పలక... అచ్చం నాదే.

ఇంత అచ్చంగా ఎలా వస్తుంది, ఇక్కణ్నుంచి ఎవరో చేరవేయకపోతే?

మార్చి 5

మళ్లీ చదివాను. రెండో అభ్యంతరం మరీ వింతగా ఉంది. పలక "తగిన మందం"లో ఉంటుందని రాశారు, ఎంత మందమో, ఏ ఆకారమో రాయలేదు, చదివినవాడు దాన్ని ఎలా చేసుకోగలడు — అని అడుగుతున్నాడు. చేసుకోకూడదనే కదా నాయనా రాయనిది! కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాడికి నా పలక మందంతో ఏం పని? ఎవరైనా అడిగిస్తున్నారా?

జవాబుకు ఆరు నెలలు గడువు.

మార్చి 6

తార్నాక వెళ్లాను, ఏజెంట్ శ్రీకాంత్ ఆఫీసుకు. దరఖాస్తు రాసిందీ వేసిందీ ఆయనే. చల్లటి నీళ్లిచ్చాడు. ఏసీ పెంచాడు. పోయినసారి ఇంత మర్యాద లేదు.

"సార్, ఉత్త మైనం పలకనే అయితే నిలబడది. అసలు కిటుకేమన్నా ఉంటే నాకు జెప్పుండ్రి" అన్నాడు. ఏమీ లేదన్నాను. బల్ల మీద ఇంకో ఫైలు, అట్ట మీద బ్యాటరీ బొమ్మ. నేను అటు చూడగానే దాని మీదికి పేపరు జరిపాడు.

కిటుకు ఉంది. నా తలలో ఉంది. ఇక్కడ కూడా రాయను — విజయ అప్పుడప్పుడూ ఈ డైరీ తిరగేస్తుంది. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా భార్యే కదా అని అన్నీ చెప్పేస్తామా. ఇదివరకు నేను కనిపెట్టిన స్టెబిలైజరు సంగతి అప్పటి పార్ట్‌నర్‌కు పూర్తిగా చెప్పాను, మూడో నెల వాడి పేరుతో బజార్లోకి వచ్చింది. ఒకసారి చాలు.

మార్చి 9

దొరికింది.

లావణ్య. దేవరయాంజాల్ పిల్ల, డిప్లొమా చదివింది, రెండేళ్లుగా మా షెడ్డులో బొమ్మలు గీసేది. దరఖాస్తుకు బొమ్మలన్నీ తనే గీసింది. ఈ రోజు తను టిఫిన్ సంచీ దులుపుతుంటే అందులోంచి పెన్‌డ్రైవ్ పడింది. కంప్యూటరుకు పెట్టి చూశాను. మా ప్యాక్ బొమ్మలు, మొదటి నుంచి చివరి దాకా! దరఖాస్తు వేసిన రోజే వాటిని కంప్యూటరులోంచి తీసేశాను నేను. ఎక్కడా మిగలకూడదని.

"మీరు తీసేస్తుంటరు గద సార్, రేపు పనిబడ్తదని పెట్టిన..." అంటోంది. వినలేదు. వెల్డింగు చేసే యాదగిరి ముందే, ప్యాకింగ్ బెంచి దగ్గరి ఆడవాళ్లిద్దరి ముందే అడిగాను: "చైనాకు పంపి ఏం సంపాయించినవ్ దొంగదానా?" పెన్‌డ్రైవ్‌ను ఇనుప ముక్కలు బిగించే వైసులో పెట్టి పిడి తిప్పాను. పొడి పొడి.

టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఏడవలేదు. తప్పు చేయని పిల్లయితే ఏడవదా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను.

మార్చి 10

యాదగిరి, ఇన్వర్టర్ల రిపేరు రోజుల నుంచి నాతోనే ఉన్నవాడు, సెల్లులకు వెల్డింగు అతనిదే. పొద్దున రాగానే — "గా పిల్ల గట్లాంటిది గాదన్నా. తొందరపడ్డవ్."

అతనెందుకు వెనకేసుకొస్తున్నాడు? చూడాలి.

మార్చి 14

విజయ కళ్లజోడు పెట్టుకుని రిపోర్టు చదువుతోంది. బల్ల మీద వదిలేసిన తప్పు నాది.

"గీ చైనా కాయితం మీద తారీఖు సూసినవా? మనం షెడ్డు ఎయ్యకముందుదిది. గప్పటికి లావణ్య ఇంక బడికి పోతాంది."

లాక్కుని చూశాను. నిజమే.

"నీ నీడ నీ ఎనుక వస్తాంటే గూడ ఎవడ్రా నువ్వు అంటవ్. పొయ్యి ఆ పిల్లకు జెప్పిరా" అంది. చైనా సంగతి సరే. కానీ కాపీ ఎందుకు పెట్టుకుంది? నన్ను అడిగి పెట్టుకోవచ్చు కదా. అడిగితే నేను ఇచ్చేవాణ్ని కాదు, అది వేరే సంగతి.

మార్చి 17

దేవరయాంజాల్ దాకా వెళ్లాను. టీ తాగి తిరిగొచ్చాను.

ఏప్రిల్ 26

రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. ప్యాక్‌కు ఇంతకన్న పరీక్ష లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపాను, వేడెక్కలేదు. మేడ్చల్ సోలార్ కంపెనీ వాళ్ల ఇంజనీరు పక్కనే నిలబడి చూశాడు. ముట్టుకుని చూశాడు. పేటెంట్ వస్తేనే డిజైన్ తీసుకుంటామని, రాకపోతే తమ దారి తామే చూసుకుంటామని మర్యాదగా చెప్పాడు. రావల్కోల్‌లో నా వాటా పొలం అమ్ముడుపోయి ఈ షెడ్డుగా మారింది. ఆరేళ్లు. ఇది పోతే నాకు ఇంకో పొలమూ లేదు, ఇంకో ఆరేళ్ల ఓపికా లేదు.

ఆ ఇంజనీరు మూత తియ్యమని రెండుసార్లు అడిగాడు. తియ్యలేదు.

ఆగస్టు 28

జవాబు పంపించాం. చైనా వాడిది కారుకు, మాది ఇంటికి అని ఏదో రాశాడు శ్రీకాంత్. "మీరింక నాకేదో దాస్తున్నరు సార్" అన్నాడు సంతకం పెట్టేటప్పుడు. నవ్వాను.

నవంబరు 11

జవాబు నచ్చలేదట. హియరింగ్‌కు రమ్మని నోటీసు. వచ్చే నెల తొమ్మిదిన, వీడియోలో, పేటెంట్ ఇవ్వాలో వద్దో తేల్చే కంట్రోలర్ ముందు. అదే చివరి మాట.

నవంబరు 13

చెప్పేశాను. శ్రీకాంత్‌ను ఆఫీసులో కాదు, కొంపల్లిలో ఒక టీ కొట్టు దగ్గరికి పిలిచి, ఇద్దరి ఫోన్లూ కారులో పెట్టి చెప్పాను. ఇక ఇక్కడ కూడా రాస్తాను, ఎవరు చదివితే చదవనీ.

పలక తిన్నగా ఉండదు. పైన మందం, కింద పల్చన. సెల్లుకు కరెంటు పోయే చోటు పైన, వేడి ముందు అక్కడే పుడుతుంది. అక్కడ మైనం ఎక్కువ ఉండాలి. కింద ఎక్కువ పెడితే ఉత్త బరువు. నాలుగు ఎండాకాలాలు పట్టింది నాకు ఈ ముక్క తెలియడానికి. చైనా వాడికి తెలియదు, కొరియా వాడికీ తెలియదు.

శ్రీకాంత్ గ్లాసు కింద పెట్టాడు. "సార్... గిది మనం ఏసిన దరఖాస్తుల యాడున్నది?"

ఎక్కడా లేదు. నేనే రాయనివ్వలేదు. "తగిన మందం" అన్న మాట నాదే, చాలా తెలివిగా అనిపించింది అప్పుడు.

"ఏసిననాడు లేనిది ఇయ్యాల కలపనియ్యరు సార్. చట్టం ఒప్పుకోది. గిదొక్కటి రాసుంటే..." అని ఆపేశాడు. దొంగలు పడతారని ఇంటికి తాళం వేసి, చెవి లోపలే పెట్టి వచ్చినవాడిలా ఉంది నా పని. వచ్చేటప్పుడు ఆ బ్యాటరీ బొమ్మ ఫైలు సంగతి అడిగాను. అది బోయిన్‌పల్లిలో స్కూటర్ బ్యాటరీల దుకాణం వాళ్లదట, బోర్డు మీది గుర్తు రిజిస్టరు చేయించుకోవడానికి. ఆయన ముఖం చూడలేకపోయాను.

నవంబరు 14

పొద్దున ఏడింటికే శ్రీకాంత్ ఫోను. "మూడో బొమ్మల పలక గీత జర వాలుగ ఉన్నది. కావాల్నని గీసిండ్రా?"

కాగితం తీసి స్కేలు పెట్టాను. పైన ఆరు మిల్లీమీటర్లు, కింద నాలుగు. మళ్లీ పెట్టాను. ఆరు, నాలుగు.

లావణ్యకు నేను చెప్పింది తిన్నగా గీయమని. రెండుసార్లు చెప్పాను. ఆమె వాలుగా గీసింది. కింద నా సంతకం! రాతలో ఒక్క మాట జారకుండా కాపలా కాశాను కానీ, బొమ్మ సరిగ్గా చూడనే లేదు. పైగా ఆ దరఖాస్తు పేటెంట్ వెబ్‌సైటులో పెట్టి ఏడాది దాటింది. విజయకు కూడా చెప్పని సంగతి ఏడాదిగా ఎవరైనా చూసేలా ఉంది. ఎవరూ చూడలేదు. నాకు నవ్వొచ్చింది.

నవంబరు 16

బొమ్మ కూడా దరఖాస్తులో భాగమేనట. ఆశ ఉందంటున్నాడు శ్రీకాంత్. కానీ కంట్రోలర్ అది చెయ్యి జారి పడిన గీత అనవచ్చు. గీసినవాళ్లు వచ్చి, కొలిచే గీశానని చెప్పాలి. కొలతలున్న అసలు ఫైలు, దాని తారీఖుతో ఉంటే ఇంకా గట్టిది.

అసలు ఫైలు. వైసులో పెట్టి తిప్పింది అదే.

నవంబరు 19

ఈసారి టీ కొట్టు దగ్గర ఆగలేదు. లావణ్య తండ్రి శామీర్‌పేట చెరువు మీద నుంచి వచ్చి, గడప ముందు కూర్చుని వల చిక్కులు తీస్తున్నాడు. తలెత్తి చూశాడు, కూర్చోమనలేదు. నిలబడే మాట్లాడాను.

"తిన్నగా గీయమన్న గద, వాలుగ ఎందుకు గీసినవమ్మా?"

"షెడ్డుల ఉన్న పలకను కొలిచి గీసిన సార్. ఉన్నది ఉన్నట్టు గీయాలెనని నేర్పిండ్రు మాకు. మీరు సంతకం బెట్టిండ్రు, సూసే పెట్టిండ్రనుకున్న."

హియరింగ్‌కు రమ్మని అడిగాను. తండ్రి వల పక్కకు పెట్టాడు.

"యాదగిరన్న ముంగట దొంగ అన్నరు నన్ను. గా అక్కల ముంగట అన్నరు. గాడనే జెప్పుండ్రి సార్, దొంగ గాదని. తర్వాత వస్త."

నవంబరు 21

చెప్పాను. షెడ్డులో, అందరూ నిలబడి ఉండగా. "లావణ్య దొంగ గాదు. తప్పు నాది." ఎనిమిది నెలలుగా నోట్లో నానుతున్నాయి ఈ నాలుగు ముక్కలు. యాదగిరి చేతిలోని వెల్డింగు గన్నునే చూస్తున్నాడు. లావణ్య తలూపింది. మనసు తేలికవుతుందనుకున్నాను. సిగ్గేసింది, అంతే.

డిసెంబరు 9

హియరింగ్ అయింది. షెడ్డు కంప్యూటరు ముందు నేను, శ్రీకాంత్, లావణ్య. తెర మీద కంట్రోలర్ మేడమ్, సన్నగా, నవ్వకుండా. అది చెయ్యి జారిన గీత కాదని ఎలా నమ్మాలి అని అడిగింది. లావణ్య ఇంగ్లీషులో తడబడుతూనే చెప్పింది. ఏ పరికరంతో కొలిచింది, ఎన్ని పలకలు కొలిచింది, పైన ఎంత, కింద ఎంత. ఒక్క అంకె తప్పలేదు. మేడమ్ రాసుకుంది.

"అసలు ఫైలు ఉందా?"

శ్రీకాంత్ నా వైపు చూశాడు. నేను బెంచి మీది వైసు వైపు చూశాను. ఇంకేమైనా పంపదలిస్తే పదిహేను రోజుల్లో పంపమంది, తర్వాతే ఆర్డరు.

లావణ్యను కారులో దింపడానికి బయలుదేరాను. మంచిగా మాట్లాడుకుంటూనే వెళ్తున్నాం. మళ్లీ పనిలోకి రమ్మన్నాను, ఆలోచిస్తానంది. ఊరు ఇంకో కిలోమీటరుందనగా అడిగాను — "ఇంకో కాపీ ఏడన్న దాచినవా?"

ఉందా అని అడగొచ్చు. దాచినవా అన్నాను.

"ఈడ్నే ఆపుండ్రి సార్" అంది. దిగింది. రోడ్డు పక్కన నడుచుకుంటూ వెళ్లిపోయింది.

డిసెంబరు 10

ఫైలు కావలసే అడిగాను. నిజంగా. పదిహేను రోజుల గడువుంది, కావాలి కదా.

...అంతేనా? ఉందని చెప్పి ఉంటే ఏమనేవాణ్ని?

డిసెంబరు 16

ఫోను చేస్తే ఎత్తడం లేదు. యాదగిరిని అడగమన్నాను. "నేనడగనన్నా" అన్నాడు.

డిసెంబరు 21

విజయకు పలక సంగతంతా చెప్పాను, వాలుతో సహా. విని — "గింతేనా? గిది దాసుడానికా ఇన్నేండ్లు నాతోని గూడ సరిగ మాట్లాడలే?" అంది. లోపలికి వెళ్లింది. తర్వాత వంటింట్లో ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

డిసెంబరు 24

ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికల్లా శ్రీకాంత్ కాగితాలు పంపించేయాలి. లావణ్య ఇంగ్లీషులో చెప్పిందే రాసి సిద్ధంగా పెట్టాడు. బలం చాలదు, ఆయనకూ తెలుసు.

పదకొండింటికి మెసేజ్. లావణ్య.

"ఉంది సార్. మళ్ల దొంగంటరని ఆనాడు జెప్పలే. గీసిన రోజే నా మెయిల్‌కు నేనే పంపుకున్న. తారీఖు, కొలతలు అన్నీ ఉన్నయ్. పంపాల్నా?"

చదివాను. ఎగిరి గంతేయాలి కదా నేను. శ్రీకాంత్‌కు ఫోను చేయాలి, విజయను కేకేయాలి. నాకు మొదట వచ్చింది సంతోషం కాదు. ఇన్నాళ్లూ ఉందన్నమాట, పెన్‌డ్రైవ్ ఒక్కటే కాదన్నమాట — అని వచ్చింది. అది తప్పని తెలుస్తోంది. తెలుస్తూనే ఉంది, అయినా పోవడం లేదు.

ఒంటిగంట. విజయ అన్నానికి పిలుస్తోంది. "పంపు" అని రాయాలి, రెండక్షరాలు. ఫోనులో నా చెయ్యి టైపు చేసి పెట్టింది మాత్రం వేరే ఉంది: "ఇంకెవరికన్న పంపినవా?"

పంపలేదు. చెరపనూ లేదు.